భోజనం తర్వాత బ్యాకప్

మెడికల్ షాపు,
1వ తేదీ

ఒరేయ్ అబ్బాయీ,

ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ పిన్నీ బాగానే ఉన్నాం. నువ్వింకా అదే కంప్యూటర్ రిపేర్ షాపులో ఉన్నావన్న నమ్మకంతో ఈ ఉత్తరం అక్కడికే రాస్తున్నాను. ఒకవేళ మానేసి ఉంటే, దీన్ని చదువుతున్నవారు ఎవరైనా సరే, మావాడు ప్రస్తుతం ఏ ఉద్యోగంలో ఉన్నాడో కనుక్కుని అక్కడికి పంపించగలరు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నా చెవి సరిగ్గా ఆనదు, నీ నోరు ఆగదు. మీ పిన్ని చేత మాట్లాడిద్దామంటే, "మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగొద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. కాబట్టి ఉత్తరమే.

ఐదు నెలల కిందట నువ్వొచ్చి మన షాపు కంప్యూటర్లో బ్యాకప్పు అనేది పెట్టి, పక్కన నల్ల డబ్బా ఒకటి తగిలించి, "పిన్ని టైపు చెయ్యడం పూర్తయ్యాక పేరూ టైమూ నింపి బటన్ నొక్కు బాబాయ్, నువ్వు తెలివైనోడివి" అని బస్సెక్కేశావు. పిన్ని టైపు చెయ్యడం పూర్తయింది. మొత్తం రెండువేల మూడువందల పదహారు మంది. ఎవరికి ఏ మందు పడదో అంతా అందులో ఉంది. ముప్పై నాలుగేళ్లుగా నేను కౌంటరు వెనక నిలబడి పోగేసింది. పుస్తకాలకి చెదలు పట్టి పేజీ ముట్టుకుంటే పొడి రాలుతోంది. అందుకని టైపు చేసిన పుస్తకాన్ని చేసినట్టే అవతల పారేశాం.

ఇది ఎందుకింత ముఖ్యమో నీకు తెలుసు. ఇరవయ్యారో తారీఖున నాకు కంటి ఆపరేషను. తర్వాత పదిహేను రోజులు షాపు మొహం చూడకూడదన్నాడు డాక్టరు. నా బదులు కౌంటర్లో నిలబడేది కొత్త ఫార్మసిస్టు. అతనికి మన వీధిలో ఒక్క మొహం తెలీదు. మొన్న డ్రిల్లు మాస్టారికి ఎవరో పెద్ద డాక్టరు పసుపు మాత్రలు రాసిస్తే, నేను చీటీ చూడగానే వెనక్కి నెట్టేశాను. అవి వేసుకుంటే ఆయనకి మొహం గుమ్మడికాయంత అవుతుంది. నేను లేనప్పుడు ఆ మాట చెప్పాల్సింది ఆ జాబితానే. అది పోతే మనుషులకి ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే చాలా జాగ్రత్తగా నింపాను. మొదటి ప్రశ్న: పేరు. మందు కవరు మీద రాసినట్టే రోగి పేరు రాశాను: "షాపు కంప్యూటరు, వయసు ఆరేళ్లు". రెండో ప్రశ్న: రోజుకి ఎన్నిసార్లు? మూడు పూటలా. పొద్దున టిఫిను అయ్యాక, మధ్యాహ్నం భోజనం అయ్యాక, సాయంత్రం ఏదైనా తిన్నాక. ఖాళీ కడుపుతో వెయ్యలేదు. మూడో ప్రశ్న: ఎప్పటిదాకా? ఐదు రోజులు.

ఇవాళ్టితో కోర్సు పూర్తి. ఒక్క డోసు కూడా మానలేదు. కంప్యూటరు హుషారుగా ఉంది.

ఇట్లు,
నీ బాబాయి

తా.క.: ఫ్యాను చప్పుడు కూడా తగ్గింది. ఇంకో రెండు రోజులు పొడిగించమంటావా, లేక ఇక బలానికి టానిక్ లాంటిది ఏమైనా పెడతావా?


కంప్యూటర్ రిపేర్ షాపు,
4వ తేదీ

బాబాయికి నమస్కారాలు, పిన్నికి ఇంకో నాలుగు ఎక్కువ,

నేను ఇదే షాపులో ఉన్నాను. ఆరో నెల నడుస్తోంది. నా చరిత్రలో ఇదే రికార్డు, దిష్టి పెట్టకు.

నీ ఉత్తరం మా ఓనరు ముందు విప్పడం నాదే తప్పు. "ఒక్క డోసు కూడా మానలేదు" దగ్గర ఆయన నవ్వాపుకోలేక కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఇప్పుడు షాపులో ఎవరు కంప్యూటర్ తెచ్చినా "భోజనం అయిందా దీనికి?" అని అడుగుతున్నాడు.

బాబాయ్, బ్యాకప్‌కి కోర్సు ఉండదు. అది జ్వరం మాత్ర కాదు. నీకు అర్థమయ్యేట్టు చెప్తా విను: షుగరు మాత్ర లాంటిది. రోజూ వెయ్యాలి. కంప్యూటరు బతికున్నన్నాళ్లూ వెయ్యాలి. బాగానే ఉంది కదా అని ఆపేశావో, ఆ మర్నాడే కొంప మునుగుతుంది. మూడు పూటలా అని పెట్టావుగా, ఉండనీ, తప్పేం లేదు. ఐదు రోజులన్నది మాత్రం తీసెయ్.

రెండోది, పేరు. కంప్యూటరు వయసు ఎవడిక్కావాలి? పేరు చూడగానే అందులో ఏముందో, ఎప్పటిదో తెలియాలి. అందుకని పేరులో తేదీ ఉండాలి. ఎన్నాళ్లు ఉంచాలో కూడా అడుగుతుంది, అది కూడా నింపు. ఆ నల్ల డబ్బానే డిస్కు అంటారు, అసలు ప్రాణం దాంట్లో ఉంది. ఎండ తగలకుండా, ఎవరి చెయ్యీ పడకుండా, చల్లని చోట పెట్టు.

ఇంతే. చిన్నపిల్లాడు కూడా చెయ్యగలడు. తొమ్మిదో క్లాసు మధ్యలో గోడ దూకినోడిని నేనే చేస్తున్నాను, డిప్లొమా చదివిన నీకెంతసేపు?

ఉంటాను మరి, కస్టమరు కౌంటరు మీద గోళ్లతో వాయిస్తున్నాడు.
నీ అబ్బాయి

తా.క.: టానిక్ వద్దు. దయచేసి కంప్యూటర్లో ద్రవపదార్థం ఏదీ పొయ్యకు.


మెడికల్ షాపు,
7వ తేదీ

చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు. షుగరు మాత్ర అన్నావు చూడు, అప్పుడు తలకెక్కింది. ఈ మాట ముందే చెప్పి ఉంటే అయిపోయేది కదరా. జీవితాంతం అని పెట్టేశాను. కంప్యూటరుకి ఆ సంగతి మెల్లగా తెలియజెయ్యమంది మీ పిన్ని, ఒక్కసారిగా చెప్తే బెంగ పెట్టుకుంటుందని.

పేరు కూడా మార్చాను. తేదీ రాయమన్నావు. ఒక్క తేదీ రాస్తే ఏ షాపువాడైనా నవ్వుతాడు. అందుకని తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, కింద "డాక్టరు సలహా మేరకు మాత్రమే" అని రాశాను. పేరు మరీ పొడుగైంది, పట్టదంది. సలహా తీసేశాను, మిగతాది పట్టింది. గడువు రెండేళ్లు ఇచ్చాను. ఇవే వివరాలు చీటీ మీద ముద్దుగా రాసి డిస్కుకి అంటించాను. "పిల్లలకు అందకుండా ఉంచండి" అని కూడా రాశాను. "బాగా కదిపి వాడండి" అని రాయబోతుంటే మీ పిన్ని కలం లాక్కుంది.

చల్లని చోటు సంగతి నువ్వు చెప్పడం ఆలస్యం, ఏర్పాటు అయిపోయింది. మన షాపు మొత్తంలో అంతకన్నా చల్లని చోటు ఇంకోటి లేదు. ఇంజెక్షన్ల ఫ్రిజ్‌లో, మధ్య అరలో, కంటి చుక్కల పక్కన. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య కదలకుండా ఉంటుంది. పొద్దునా సాయంత్రం నేనే చూసి రాస్తున్నాను. వైరు బయటికి రావడం వల్ల తలుపు పూర్తిగా పడటం లేదు. మీ పిన్ని తన జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండు బిగించింది. ఇప్పుడు పడుతోంది.

ఆపరేషను ఇంకో పంతొమ్మిది రోజులు. కొత్త ఫార్మసిస్టు నిన్న వచ్చి చూసి వెళ్లాడు. మంచి కుర్రాడు. "ఎవరికైనా ఏదైనా పడకపోతే ఎలా తెలుస్తుందండీ" అని అడిగాడు. ఠీవిగా కంప్యూటరు వైపు చెయ్యి చూపించాను. అతను ఫ్రిజ్‌లోంచి వస్తున్న వైరు వైపు చూశాడు.

ఇట్లు,
నీ బాబాయి

తా.క.: డిస్కు ఒళ్లంతా చిరుచెమటలు పడుతున్నాయి. జ్వరం దిగుతోందనుకుంటా. పొడిగుడ్డతో తుడుస్తున్నాను.


కంప్యూటర్ రిపేర్ షాపు,
10వ తేదీ

బాబాయ్!!

నమస్కారాలు తర్వాత పెడతాను. ముందు డిస్కుని ఫ్రిజ్‌లోంచి బయటికి తియ్యి. వైరు పీకు. ఒక రోజంతా గాలికి అలా ఆరనియ్యి. తుడవకు, ఊదకు, పౌడరు అద్దకు. అద్దుతావు, నాకు తెలుసు.

చల్లని చోటంటే బీరువా పైనో, టేబులు కిందో అని రా బాబూ! (ఆవేశంలో "రా" అనేశాను, క్షమించు. చింపి మళ్లీ రాసే ఓపిక లేదు.)

మందులతో పోల్చి చెప్పడం నా బుద్ధి తక్కువ. ఇప్పుడు సూటిగా చెప్తున్నా. బ్యాకప్ అంటే మందు కాదు. నకలు. అచ్చంగా అలాంటిదే ఇంకోటి. అసలుది పోతే దీన్ని తెచ్చి ఆ స్థానంలో పెట్టుకుంటాం. అంతకుమించి అందులో వైద్యం ఏమీ లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మా ఓనరు రోజుకి పదిసార్లు చెప్పే మాట ఇది: వెనక్కి తెచ్చి చూడని బ్యాకప్పు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కాబట్టి డిస్కు ఆరాక తగిలించి, "వెనక్కి తెచ్చుకో" అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కి ఒకసారి తెచ్చి చూడు. ఏది తేవాలి, ఎక్కడ పెట్టాలి అని అడుగుతుంది. ఏముంది, చూసుకుని చెప్పు. నువ్వు తెలివైనోడివి.

ఇంకా రాద్దామనుకున్నాను గానీ ప్రింటరు ఒకటి పొగలు కక్కుతోంది.
నీ అబ్బాయి

తా.క.: ఆ ఫార్మసిస్టు పారిపోకుండా చూసుకో. వైరు సంగతి నేను సర్ది చెప్తానని చెప్పు.


మెడికల్ షాపు,
13వ తేదీ

చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు, శుభవార్త. వెనక్కి వచ్చింది!

డిస్కు ఆరింది. (పౌడరు అద్దలేదు. డబ్బా తెరిచిన మాట నిజమే గానీ పిన్ని చూసింది.) బటన్ నొక్కాను. లోపల ముప్పై రెండు బ్యాకప్పులు వరసగా నిలబడి ఉన్నాయి, మన షాపు అరల్లాగే. "ఏది కావాలి?" అంది. ముప్పై నాలుగేళ్లుగా ఈ లైన్లో ఉన్నవాడిని నన్నా అడిగేది? ఏ షాపులోనైనా ఒకటే సూత్రం: పాత సరుకు ముందు కదలాలి. కొత్తది ముందిచ్చి పాతది వెనక దాచుకున్నవాడు బాగుపడినట్టు ఎక్కడా లేదు. అందుకని అన్నింటికన్నా అడుగున ఉన్నది, నువ్వు ఐదు నెలల కిందట పరీక్షకి తీసింది, దాన్ని నొక్కాను.

"ఎక్కడ పెట్టాలి?" అంది. జాబితా ఉన్న చోటే పెట్టమన్నాను. ఒక మందు రెండు అరల్లో ఉంటే గందరగోళం. "ఇప్పటికే ఒకటి ఉంది, దాని మీద రాసెయ్యమంటారా?" అని మర్యాదగా అడిగింది. ఊఁ అన్నాను. రెండు క్షణాల్లో అయిపోయింది. ఏం పనితనంరా!

కానీ అప్పుడు ఒక ఘోరం బయటపడింది. నేను తీసిన దాని పక్కన ఎర్రక్షరాలతో "గడువు తీరిపోయింది" అని ఉంది. నువ్వు పెట్టినప్పుడు ముప్పై రోజులే గడువిచ్చావట. ఒరేయ్, గడువు తీరిన సరుకు షాపులో ఒక్కటి కనబడినా ఇన్‌స్పెక్టరు తాళం వేయిస్తాడు. ముప్పై నాలుగేళ్లలో నా షాపులో ఒక్క గడువు తీరిన బిళ్ల దొరకలేదు. ఒక డబ్బాలో ఒకటి పాడైతే డబ్బా మొత్తం వాపసు పంపడమే మా పద్ధతి. అదే చేశాను. డిస్కుని గడువు తీరిన సరుకు అట్టపెట్టెలో పెట్టి, ఫారం నింపి, డిస్ట్రిబ్యూటరు వ్యానుకి ఎక్కించేశాను. వాళ్ల గోదాము మీ బస్టాండు వెనకే. బదులు సరుకు పంపిస్తారు.

ఇట్లు,
నిశ్చింతగా,
నీ బాబాయి

తా.క.: మీ పిన్ని ఒక మాట అడగమంది. జాబితా కింద ఇదివరకు 2,316 అని ఉండేది, ఇప్పుడు 412 అని ఉంది. మందు మొదలెట్టాక కొంచెం బరువు తగ్గడం మామూలే కదా?


కంప్యూటర్ రిపేర్ షాపు,
16వ తేదీ

బాబాయ్,

కొరియర్లో పంపిస్తున్నాను, అందగానే చదువు. కూర్చుని చదువు.

బరువు తగ్గడం కాదు బాబాయ్. నేనొచ్చిన రోజుకి పిన్ని టైపు చేసింది 412 మందినే. నువ్వు ఐదు నెలల కిందటి నకలు తెచ్చి ఇవాళ్టి జాబితా మీద పరిచేశావు. కింద ఉన్నది పోయింది. పందొమ్మిది వందల నాలుగు మంది గోవిందా.

బ్యాకప్పుల్లో పాతది ముందు కాదు, కొత్తది ముందు! ఈ ముక్క చెప్పకపోవడం నాదే పొరపాటు. ప్రపంచంలో ఎవడైనా కొత్తదే తీస్తాడనుకున్నాను. మెడికల్ షాపువాళ్లు కూడా ఈ ప్రపంచంలోనే ఉంటారని మర్చిపోయాను.

కంగారు పడకు. డిస్కులో కొత్తవి ముప్పై ఒక్కటి ఉన్నాయి. అది దొరికితే అంతా దొరికినట్టే.

ఇవాళ భోజనం టైములో గోదాముకి పరిగెత్తాను. లోపల అట్టపెట్టెలు కప్పు దాకా ఉన్నాయి. క్లర్కు ఒకాయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "గడువు తీరినవన్నీ ఇరవయ్యో తారీఖున కొలిమిలో వేసేస్తాం బాబూ" అన్నాడు.

"అందులో మా బాబాయి బ్యాకప్పు ఉందండీ!"

"ఏ కంపెనీది?"

"కంపెనీ కాదండీ, బ్యాకప్పు."

ఆయన లావుపాటి పుస్తకం తీసి అంతా వెతికి, "ఆ మందు మా దగ్గర లేదు. దానికి సమానమైనది ఉంది, ఇవ్వమంటారా?" అన్నాడు.

ఫారం మీద రాసిన పేరు, బ్యాచ్ నంబరు లేకపోతే ఒక్క పెట్టె కూడా ముట్టుకోనివ్వడట. నువ్వు ఫారంలో ఏం రాశావో అక్షరం పొల్లుపోకుండా రాసి పంపించు. ఇరవయ్యో తారీఖు లోపల.

నీ అబ్బాయి

తా.క.: సమానమైన మందు ఏమిటో అడిగాను. విరేచనాలకట. ప్రస్తుతం నాకు అవసరం లేకుండానే పని జరిగిపోతోంది.


మెడికల్ షాపు,
18వ తేదీ

అబ్బాయీ,

ఉత్తరం కూర్చునే చదివాను. లేవడానికి మాత్రం పిన్ని చెయ్యి అందించాల్సి వచ్చింది.

ఫారం నకలు నా దగ్గర ఉంది. అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

సరుకు పేరు: బ్యాకప్. మోతాదు: 500 (డబ్బా మీద 500 అని ఉంది, పక్కన జీబీ అని ఉంటే మిల్లీగ్రాములని దిద్దాను). రకం: పై పూతకు (డబ్బా మీద ఎక్స్‌టర్నల్ అని ఉంది). బ్యాచ్: షాకం-6 (షాపు కంప్యూటరు, ఆరేళ్లు). పరిమాణం: ఒకటి. వాపసుకి కారణం: గడువు తీరింది, రోగి కోలుకున్నాడు.

ఆపరేషను ఎనిమిది రోజుల్లో ఉంది. నిన్న ఒక ముసలావిడ వచ్చి చీటీ ఇచ్చింది. నాకు గుర్తుంది గనక ఆ మందు ఇవ్వలేదు. నేను లేకపోతే? ఆ కుర్రాడు పేరు కొడతాడు, జాబితాలో ఉండదు, లేదు కదా అని ఇచ్చేస్తాడు. ఆపరేషను వాయిదా వేయిద్దామా అని కూడా ఆలోచించాను. ఇప్పటికే రెండుసార్లు వేయించాను, ఇంకోసారి అడిగితే నా ముఖం చూడనన్నాడు డాక్టరు. మరీ ఆలస్యమైతే నేనే ఆయన ముఖం చూడలేను.

నిద్ర పట్టడం లేదు. నిద్రమాత్రలు నాకు పడవు. ఆ సంగతి కూడా ఆ జాబితాలోనే ఉండేది.

నీ బాబాయి

తా.క.: పిన్ని నిన్నేమీ అనడం లేదు. నన్ను అంటోంది. నీ వాటా కూడా నాకే వడ్డిస్తోంది.


కంప్యూటర్ రిపేర్ షాపు,
21వ తేదీ

బాబాయికి నమస్కారాలు,

డిస్కు దొరికింది. పంతొమ్మిదిన మధ్యాహ్నం వెళ్లాను. "పై పూతకు" అని చెప్పగానే క్లర్కు నిలబడి, "ఓ, ఆయింట్‌మెంట్లా! ముందే చెప్పొద్దూ" అని ఏడో వరస చూపించాడు. దురద మందుల మధ్యలో, చీటీతో సహా, పిల్లలకు అందనంత ఎత్తున ఉంది.

ఎగురుకుంటూ షాపుకి తెచ్చాను. తగిలించాను. అన్నింటికన్నా కొత్తది విప్పాను.

412.

దాని ముందుది విప్పాను. 412. ముప్పై రెండూ విప్పాను బాబాయ్. ముప్పై రెండింట్లోనూ అవే 412 పేర్లు, చివర అదే పేరు.

మా ఓనరు వచ్చి నా పక్కన కూర్చుని, స్క్రీను చూసి, "ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు. "నేనే" అన్నాను.

జరిగింది ఇది. నేనొచ్చిన రోజు, అసలు జాబితాని పాడుచేస్తానేమోనని ముందు దాని నకలొకటి తీసి పక్కన పెట్టాను. దీన్ని బ్యాకప్ చెయ్యి అని కంప్యూటరుకి ఆ నకలుని చూపించి పరీక్ష చేశాను. బాగానే పనిచేసింది. తర్వాత మార్చి అసలు జాబితాని చూపించాలి. బస్సుకి టైమైంది. మార్చలేదు. పిన్ని ఐదు నెలలుగా అసలు దాంట్లో టైపు చేస్తూనే ఉంది. నువ్వు మూడు పూటలా, భోజనం తర్వాత, ఒక్క డోసు మానకుండా, నేను పక్కన పడేసిన ఆ చచ్చు నకలునే భద్రం చేస్తూ వచ్చావు.

నువ్వు కొత్తది తెచ్చుకున్నా ఇదే అయ్యేది. పాతది ముందు తీసినందుకు కాదు, ఫ్రిజ్‌లో పెట్టినందుకు కాదు. నువ్వు చేసిన ఏ పనివల్లా కాదు. నా తొందర వల్ల పోయింది. ఇన్ని ఉత్తరాల్లో నిన్ను వెక్కిరించాను. ఓనర్ని కుర్చీలోంచి పడేసేంత నవ్వించాను. ఇప్పుడు ఆయన నవ్వడం లేదు.

ఈ పని కూడా నాకు చేతకాదని తేలిపోయింది. రేపు మానేస్తానని చెప్పేస్తాను. నీ ఆపరేషను ఐదు రోజుల్లో ఉంది, చెయ్యగలిగింది నాకేం తోచడం లేదు. తిట్టు. ఫోన్ చేసి తిట్టు. నీకు వినపడకపోయినా నాకు వినపడుతుంది.

నీ అబ్బాయి

తా.క.: ఇందులో జోకు లేదు. వెతక్కు.


మెడికల్ షాపు,
30వ తేదీ

చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు. ఆపరేషను అయింది. ఒక కంటికి పట్టీ ఉంది, రెండో కంటితో నేను చెప్తుంటే మీ పిన్ని రాస్తోంది. (నోటితో చెప్తుంటే అని రాయాలట. అలాగే ఉంచేశాను. – పిన్ని)

నీ ఉత్తరం వచ్చిన రోజు పిన్ని దాన్ని రెండుసార్లు చదివి వినిపించింది. తర్వాత నేను కాగితాల దస్తా తెచ్చి, "నాకంతా గుర్తుంది, చెప్తాను రాసుకో" అన్నాను. రెండొందల మంది దాకా గడగడా చెప్పాను. ఆ తర్వాత బండి చతికిలబడింది. మొహాలు గుర్తొస్తున్నాయి, మందులు గుర్తొస్తున్నాయి, ఏ మందు ఏ మొహానిదో అతకడం లేదు.

మీ పిన్ని కలం కింద పెట్టి, "అడగరాదూ?" అంది.

"ఎవర్ని?"

"వచ్చినవాళ్లని. మీకు ఏ మందు పడదండీ అని."

నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై నాలుగేళ్లుగా మనిషి గడప తొక్కగానే చెప్పేవాడిని, ఇప్పుడు కొత్తవాడిలా అడగడమా? నోరు రావడం లేదన్నాను. "అయితే ముందు నా మీద అలవాటు చేసుకో" అని కౌంటరు అవతలికి వెళ్లి, కొంగు సర్దుకుని, కస్టమరులా నిలబడింది.

"ఏమండీ, మీకు ఏ మందు పడదు?" అని అడిగాను.

"ఏదీ లేదండీ. నాకు అన్నీ పడతాయి."

"అదేంటే! గులాబీరంగు దగ్గు మందు నీకు పడదు కదా? నా మొదటి పుస్తకంలో మొదటి పేరు నీదే!"

"పెళ్లయిన వారానికి దగ్గొస్తే పోశావు. వాసన నచ్చక మొహం తిప్పుకున్నాను. అంతే. ఆ రోజునుంచీ ఎప్పుడు దగ్గినా ఆ నల్లటి చేదు మందు గ్లాసుడు పట్టుకొచ్చి నా నెత్తిన నిలబడుతున్నావు."

"మరి ఇన్నేళ్లూ చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడిగితే కదా."

ఒరేయ్, ఆ మాట విన్నాక ఆ పూటే మొదలెట్టాను. షాపుకి వచ్చిన ప్రతివాళ్లనీ అడిగాను. నాలుగు రోజుల్లో మూడొందల పాతిక మందిని అడిగితే, నేను అనుకున్నది నలభై ఒక్క మంది విషయంలో తప్పు. అన్నదమ్ముల్లో ఒకడికి పడనిది రెండోవాడి పేరు మీద మోస్తున్నాను. ఎప్పుడో పోయాడనుకుని జాబితాలోంచి కొట్టేసినాయన ఎదురుగా నిలబడి మందు చీటీ చాపాడు. ఒకావిడకి నిజంగా పడనిది ఒకటుంది, అది నా పుస్తకంలో ఎన్నడూ లేదు. ఇన్నాళ్లూ ఆవిడకి ఆ మందు అవసరం పడకపోవడం నా అదృష్టం. పోయిన జాబితా పోకుండా ఉండి ఉంటే, ఆ కుర్రాడు దాన్నే నమ్మి ఈ పదిహేను రోజుల్లో ఎవరికో ఒకరికి ముప్పు తెచ్చేవాడు. నీ తొందర వల్ల ప్రాణాలు పోతాయనుకున్నాం. నిలబడ్డాయి. అలాగని మళ్లీ తొందరపడకు, ప్రతిసారీ ఇలా కలిసిరాదు.

కొత్త ఫార్మసిస్టు ఇప్పుడు అందర్నీ అడుగుతున్నాడు, పిన్ని ఎక్కిస్తోంది. నిన్నటికి తొమ్మిది వందల పది. జనానికి కూడా ఇది తెగ నచ్చింది. మందు కొనడానికి వచ్చి, పడనివన్నీ చెప్పాక, పడని కోడళ్ల గురించి కూడా చెప్పి వెళ్తున్నారు. అది ఎక్కడ ఎక్కించాలో తెలియడం లేదు.

ఇక నీ సంగతి. మానేస్తానంటే నాకు కోపం వస్తుంది. పొరపాటు చీటీకి మందిచ్చి, ఇంటిదాకా పరిగెత్తుకెళ్లి వెనక్కి తెచ్చేవాడిని నేను షాపులో ఉంచుకుంటాను. ఇచ్చినదాన్ని ఇవ్వలేదని దబాయించేవాడిని ఉంచుకోను. మీ ఓనరుకి ఉత్తరం రాశాను. జవాబు కూడా వచ్చింది. నువ్వు మానేస్తానని చెప్పిన రోజు ఆయన ఒప్పుకోలేదట, అప్పటినుంచి ఏ కంప్యూటరుకి బ్యాకప్పు పెట్టినా చివర్లో నిన్నే పిలిచి "ఇది దేన్ని చూస్తోందో చూడు" అంటున్నాడట. ఈ ముక్క నువ్వు నాకు రాయలేదు. సిగ్గుపడ్డావనుకుంటా.

కొత్త డిస్కు వచ్చింది. ఈసారి నేను ముట్టుకోలేదు. పిన్నే అన్నీ నింపింది. అసలు జాబితానే చూపించింది, రెండుసార్లు సరిచూసింది. ఒక కొత్త పేరు కలిపి, బ్యాకప్పు తీసి, దాన్ని వేరే చోటికి వెనక్కి తెచ్చి, ఆ పేరు వచ్చిందో లేదో కూడా చూసింది. వచ్చింది. పేరు ఏం పెట్టావే అన్నాను. "అడిగి రాసింది" అని పెట్టిందట, పక్కన తేదీ.

నీ కుర్చీ ఖాళీ చెయ్యకుండా పనిచేసుకో.

నీ బాబాయి,
(రాసినది పిన్ని)

తా.క.: ఆ పాత 412 కూడా తీసెయ్యకుండా ఇంకో బ్యాకప్పుగా దాచింది మీ పిన్ని. దానికి "ఆయనకి తెలుసు" అని పేరు పెట్టింది. ఎన్నాళ్లు ఉంచాలి అని కంప్యూటరు అడిగితే "ఎప్పటికీ" అని నొక్కింది. పనికిరాని సరుకు ఎందుకే అన్నాను. "మళ్లీ ఎప్పుడైనా నాకంతా తెలుసు అన్నావనుకో, వెనక్కి తెచ్చి చూపించడానికి" అంది.